ఎర్రమట్టి ఎక్కుళ్ల మీద కరెంటు డర్ట్ బైకు, పక్కన పెట్రోలు బండి: ప్రాజెక్టు డైరీ

పని ఇది: 60 వోల్టుల తరగతి కరెంటు డర్ట్ బైకును విశాఖ చుట్టుపక్కల ఎర్రమట్టి, రాతి ఎక్కుళ్లకు తయారుచేయడం. అదే దారిలో 200 సీసీ పెట్రోలు బండిని కూడా నడిపి రెండింటినీ కొలవడం. ఇలాంటి బండి ఉన్నవాళ్లు ఈ కొలతలు నేరుగా వాడుకోవచ్చు. విరిగినవి, కాలినవి, జారినవి ఎక్కువ వివరంగా రాశాం, ఎందుకంటే పనికొచ్చేది అదే.

దశ 0: బండ్లు, దారి, కొలత సామాన్లు

కరెంటు బండి: 57 కిలోలు, 60 వోల్టుల తరగతి (సగటున 57.6), 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ (సుమారు 2.3 కిలోవాట్-అవర్లు, అంటే 2.3 యూనిట్లు), గరిష్ఠంగా 6 కిలోవాట్లు. మోటారు నుంచి బెల్ట్, అక్కడి నుంచి 420 చైన్. ముందూ వెనకా 19 అంగుళాల చక్రాలు. గేరు లేదు, క్లచ్ లేదు.

పెట్రోలు బండి: హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ. 199.6 సీసీ, సుమారు 19 పీఎస్ (14 కిలోవాట్లు), 159 కిలోలు, 13 లీటర్ల ట్యాంకు, ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు.

ఇది సమాన పోటీ కాదు, ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచితో మనిషి 88 కిలోలు అనుకుంటే కరెంటు బండి మొత్తం 145 కిలోలు, కిలోకి 41 వాట్లు. పెట్రోలు బండి 247 కిలోలు, కిలోకి 57 వాట్లు. కాగితం మీద పెట్రోలుదే పైచేయి. బురదలో పడ్డ బండిని ఎత్తి నిలబెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం కాగితం ఎవరికీ గుర్తుండదు. రెంటికీ మధ్యస్థంగా ఉండేది కావాలంటే, 2025 మార్చిలో అల్ట్రావయొలెట్ ప్రకటించిన షాక్‌వేవ్ 120 కిలోలు, 4 కిలోవాట్-అవర్లు. దాన్ని ఇక్కడ కొలవలేదు.

దారి: ఆనందపురం అవతల పట్టా భూమిలో, యజమాని అనుమతితో, జీడి తోటలోంచి మెట్ట (చిన్న గుట్ట) ఎక్కి దిగే 3.2 కిలోమీటర్ల చుట్టు. మొత్తం ఎక్కుడు 90 మీటర్లు. ఒక చోట మూడు మీటర్లు ముందుకెళ్తే మీటరు ఎత్తు లేచే వాలు, దాని మీద వదులు గ్రావెల్, కింద పదునైన రాళ్లు. ఒక గెడ్డ (చిన్న వాగు) దాటాలి.

ఎక్కడ నడపకూడదో కూడా రాయాలి. కంబాలకొండ అభయారణ్యం. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు రక్షిత భూవైజ్ఞానిక వారసత్వ స్థలం, అక్కడ పడిన ఒక్క చక్రం చాలు, వాన పడగానే అది కాలువ అవుతుంది. బీచ్ ఇసుక మీదైతే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ఒకటి ఉంది. రిజిస్ట్రేషన్ లేని డర్ట్ బైకు, కరెంటుదైనా పెట్రోలుదైనా, రోడ్డెక్కకూడదు. టాటా ఏస్‌లో వేసుకుని తీసుకెళ్లాల్సిందే.

కొలత సామాన్లు: గన్ థర్మామీటర్, బ్యాటరీ లైన్‌లో వాట్ మీటర్, గాలి గేజి (30 పీఎస్‌ఐ లోపు స్పష్టంగా చూపించేది, కారు గేజి పనికిరాదు), లీటరు కొలజాడీ.

మొదటి మొత్తం: ఖర్చు 0, బరువు 57.0 కిలోలు.

దశ 1: గేరింగ్. అసలు తేడా ఇక్కడే ఉంది

కంపెనీ నుంచి వచ్చిన వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) 48 పళ్లు, మొత్తం నిష్పత్తి 7.6, అంటే మోటారు 7.6 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. ఆ వాలు మీద నడక వేగంతో ఎక్కిస్తే బండి ఎక్కుతుంది. కానీ పది నిమిషాలు అలాగే ఎక్కీ దిగీ చేస్తే మోటారు కేసు 92 డిగ్రీలకు చేరింది, బయట 34. ఆ తర్వాత కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే పెట్టె) తనంతట తనే పవర్ తగ్గించేసింది. సగం ఎక్కుడులో బండి నీరసపడుతుంది, లైటు ఒకటి మిణుకుమంటుంది, అంతే. వాసన రాదు, చప్పుడు మారదు.

లెక్క చూస్తే ఇది విచిత్రంగా ఉంటుంది. 145 కిలోలను ఆ వాలు మీద ఎక్కించడానికి 450 న్యూటన్లు, మెత్తటి నేల లాగుడుకి మరో 70, మొత్తం 520. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో అయితే అది ఒకటిన్నర కిలోవాట్ కూడా కాదు. ఆరు కిలోవాట్ల మోటారు ఎందుకు ఉడికిపోవాలి?

ఎందుకంటే మోటారు వేడిని నిర్ణయించేది పవర్ కాదు, టార్క్ (తిప్పే బలం). టార్క్ ఎంత కావాలో కరెంటు అంత లాగుతుంది. రాగి తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చక్రం వ్యాసార్థం 0.31 మీటరు, కాబట్టి చక్రం దగ్గర 161 న్యూటన్-మీటర్లు. దాన్ని 7.6తో భాగిస్తే మోటారు మీద 21. బండి మెల్లగా పోయినా, రేస్‌తో కదలకుండా నిలబెట్టినా దాదాపు ఆ 21 పడుతూనే ఉంటుంది.

పెట్రోలు బండి కూడా ఇదే వేడిని ఎక్కడో ఒకచోట పారబోస్తుంది. నడక వేగంలో ఫస్ట్ గేర్ కూడా ఎక్కువే, అందుకని క్లచ్ సగం పట్టి జార్చాలి. వేడి క్లచ్ ప్లేట్లకు, అక్కడి నుంచి ఇంజిన్ ఆయిల్‌కు పోతుంది. ప్లేటు మాడితే ముక్కుకు తెలుస్తుంది, లీవర్ చేతికి వదులుగా తగులుతుంది. కరెంటు బండిలో ఆ హెచ్చరికలేవీ లేవు కాబట్టి స్ప్రాకెట్ దగ్గరే వేడిని తగ్గించుకోవాలి.

1. వెనక స్ప్రాకెట్ 48 నుంచి 58 పళ్లకు మార్చాలి. నిష్పత్తి 7.6 నుంచి 9.18 అవుతుంది.
2. పది పళ్లు పెరిగితే చైన్ 5 లింకులు పొడవు కావాలి. చైన్ జతల్లోనే కలుస్తుంది కనుక 6 కలపాలి. పాత చైన్‌కు కొత్త ముక్క అతికించొద్దు, మొత్తం కొత్తది వేయాలి. సాగిన లింకుల పక్కన కొత్త లింకులు పడితే కొత్త పళ్లు వంకరగా అరుగుతాయి.
3. చైన్ గైడ్‌ను కిందికి జరపాలి. పెద్ద స్ప్రాకెట్‌తో చైన్ కోణం మారుతుంది, పాత చోటే ఉంచితే గైడ్ రెండు చుట్లలోనే అరిగిపోతుంది.
4. మనిషి కూర్చున్నాక చైన్ మధ్యలో పైకీ కిందికీ 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఆడాలి. స్టాండు మీద చూసి బిగిస్తే సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు చైన్ తీగలా బిగుసుకుంటుంది.

స్ప్రాకెట్ గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద స్టీలుతో చేయించినది. అల్యూమినియం అడిగితే మేస్త్రి ఒకటే మాట అన్నాడు: "ఈ ఎర్రమట్టికి అల్యూమినియం పళ్లు సూదులైపోతాయండి, అర కిలో బరువుకి చూసుకోకండి." ఆయన చెప్పింది నిజం. గ్రావెల్ దుమ్ము నూనెలో కలిస్తే చైన్‌కు ఆకురాయి పట్టినట్టే. ఇక్కడ తడి చైన్ లూబ్ కంటే ఆరిపోయే మైనపు లూబ్ మేలు.

ఫలితం: అదే ఎక్కుడు, అదే పది నిమిషాలు, అదే 34 డిగ్రీల ఎండ. మోటారు కేసు 74 దగ్గర ఆగింది. టార్క్ 21 నుంచి 17.6కు దిగింది, వర్గం చేస్తే వేడి 31 శాతం తక్కువ కావాలి. 58 డిగ్రీల పెరుగుదల 40 అయింది, లెక్కకు సరిగ్గా సరిపోయింది. మూల్యం: గరిష్ఠ వేగం 75 నుంచి 62కు. మెట్ట మీద 62 కూడా ఎక్కువే.

62 పళ్లు కూడా దొరుకుతాయి. కానీ స్ప్రాకెట్ కింది అంచు నేలకు దగ్గరై రాళ్లకు తగులుతుంది. ఈ దారికి 58 చాలు.

ఇంకొకటి. ఎక్కుడు మధ్యలో ఆగితే రేస్ ఇచ్చి బండిని నిలబెట్టొద్దు. కదలని మోటారులోకి పోయే కరెంటు మొత్తం వేడే. బ్రేకుతో నిలబెట్టి, మళ్లీ కదిలేటప్పుడే రేస్ ఇవ్వాలి.

నడుస్తున్న మొత్తం: స్ప్రాకెట్ 2,200, చైన్ 1,300, కలిపి 3,500 రూపాయలు. బరువు 57.6 కిలోలు.

దశ 2: టైర్లు, ట్యూబులు

తూర్పు కనుమల ఖొండలైట్ రాయి పైన పొడిలా రాలుతుంది గానీ లోపలి ముక్కలు కత్తుల్లా ఉంటాయి. బండితో వచ్చిన పల్చటి ట్యూబులు 12 పీఎస్‌ఐ దగ్గర రాయికీ రిమ్‌కూ మధ్య నలిగి రెండు చీలికలు పడ్డాయి. గాలి పెంచి 20కి తీసుకెళ్తే పంక్చరు ఆగింది, కానీ గ్రావెల్ మీద వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలైంది. గాలి పెంచి తప్పించుకునే రోగం కాదిది.

మందం ట్యూబులు వేసి ముందు 14, వెనక 12కి దిగాం. వెనక చక్రానికి రిమ్ లాక్ (టైరును రిమ్‌కు నొక్కి పట్టే బిగింపు) తప్పనిసరి. కరెంటు మోటారు ఆగిన చోటు నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, తక్కువ గాలిలో రిమ్ టైరు లోపల జారి ట్యూబు వాల్వును కోసేస్తుంది. రిమ్‌కు రంధ్రం వేసేటప్పుడు స్పోకుల మధ్యలో, వాల్వుకు ఎదురుగా వేయాలి. పెట్రోలు బండికి అదే నేల మీద 18 పీఎస్‌ఐ లోపుకు దించలేదు, బరువు ఒప్పుకోదు.

నేలను బట్టి చూస్తే 21 అంగుళాల ముందు చక్రమే గొప్పది. రాతి మెట్టు తగిలినప్పుడు పెద్ద చక్రం ఎక్కి దాటిపోతుంది, 19 గుద్దుకుని ఆగుతుంది. కరెంటు బండి మీద అలాంటి చోట ముందు చక్రాన్ని కొద్దిగా లేపాలి. బండి తేలిక కాబట్టి అది సులువే, కాకపోతే ప్రతిసారీ చేయాలి. గంట గడిచాక భుజాలు చెబుతాయి.

నడుస్తున్న మొత్తం: ట్యూబులు రెండు 1,900, రిమ్ లాక్ 350. ఇప్పటిదాకా 5,750 రూపాయలు. బరువు 58.8 కిలోలు.

దశ 3: ఎడమ లీవర్, దిగుడు, స్విచ్

పెట్రోలు బండి అలవాటున్న మనిషికి కరెంటు బండి ఇచ్చినప్పుడు మొదట జరిగే ప్రమాదం ఇదే. దిగుడులో కంగారు పుడుతుంది, ఎడమ చేయి క్లచ్ అనుకుని లీవర్ నొక్కేస్తుంది. ఇక్కడ ఆ లీవర్ వెనక బ్రేకు. చక్రం బిగుసుకుని తోక పక్కకు పోతుంది. కుడి కాలు లేని పెడల్ కోసం వెతుకుతుంటుంది. బోధించి పోగొట్టలేం, చేతికి అలవాటు చేయాల్సిందే:

1. చదును నేల మీద, పవర్ తక్కువ మోడ్‌లో, ఎడమ చేతి ఒక్క వేలితోనే వెనక బ్రేకు. మిగతా మూడు వేళ్లు గ్రిప్ మీదే ఉండాలి.
2. లీవర్‌ను హ్యాండిల్ మీద లోపలి వైపుకు, గ్రిప్‌కు దూరంగా జరపాలి. నాలుగు వేళ్లతో గుప్పిట పట్టే అలవాటుకు అది అందకూడదు.
3. ఆ తర్వాతే చిన్న వాలు. కంగారు పడితే ముందుగా రేస్ వదలాలి.

దిగుడులో ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు. దాని స్థానంలో రీజెన్, అంటే మోటారే చక్రాన్ని పట్టి బ్యాటరీకి కరెంటు తిరిగి పంపడం. ఇందులో రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి: బ్యాటరీ నిండుగా, 67.2 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు తిరిగొచ్చే కరెంటుకు చోటు ఉండదు. రీజెన్ దాదాపు పనిచేయదు. పొద్దున్నే నూరు శాతం చార్జితో మొదటి దిగుడులో వెనక డిస్కు ఒక్కటే భారం మోసి, చివరికి లీవర్ మెత్తబడింది. కొండ మీద నుంచి మొదలుపెట్టేవాళ్లు 90 శాతం దగ్గరే చార్జి ఆపాలి.

రెండు: స్ప్రాకెట్ మార్చాక రీజెన్ పట్టు కూడా చక్రం దగ్గర 21 శాతం పెరిగింది. పాత సెట్టింగ్‌తో రేస్ వదిలితే చాలు, గ్రావెల్ మీద వెనక చక్రం బిగుసుకుంటోంది. కాబట్టి గేరింగ్ మార్చినప్పుడల్లా రీజెన్ ఒక మెట్టు తగ్గించాలి. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు తక్కువ.

కిల్ స్విచ్ (పవర్‌ను ఒక్కసారిగా ఆపేసేది) మణికట్టుకు తాడు కట్టేదే పెట్టాలి. పెట్రోలు బండి పడితే సాధారణంగా ఇంజిన్ ఆగిపోతుంది, ఆగకపోతే చప్పుడైనా చెబుతుంది. కరెంటు బండి పడ్డాక కూడా మౌనంగా సిద్ధంగా ఉంటుంది. కుడి గ్రిప్ పట్టుకుని ఎత్తితే రేస్ తిరిగి, బండి మనిషిని వదిలి తనే కొండెక్కుతుంది. ఎత్తే ముందు తాడు లాగాలి, తర్వాత సీటు, ఎడమ గ్రిప్ పట్టుకుని ఎత్తాలి.

చప్పుడు లేకపోవడం ఇంకో రకంగానూ ఇబ్బందే. మేకలు, ఆవులు, వాటి వెనక కాపరి, ఎవరికీ బండి వస్తున్నట్టు తెలియదు. హ్యాండిల్‌కు సైకిల్ గంట కట్టాం, మలుపుల దగ్గర పనిచేస్తోంది. మరోపక్క, వేసవిలో ఎండుగడ్డి మీద ఆపినప్పుడు సైలెన్సర్ వేడికి నిప్పంటుకునే భయం కరెంటు బండికి లేదు. జీడి తోట యజమానికి అది చిన్న విషయం కాదు. ముందు ఆయన అడిగింది కూడా అదే.

నడుస్తున్న మొత్తం: స్విచ్ 650, బ్రేకు ప్యాడ్లు 900. ఇప్పటిదాకా 7,300 రూపాయలు. బరువు 58.9 కిలోలు.

దశ 4: నీళ్లు, ఉప్పు గాలి

గెడ్డ లోతు చక్రం ఇరుసు దాకా ఉంటే రెండు బండ్లూ దాటతాయి. అంతకు మించితే పెట్రోలు బండికి భయం గాలి తీసుకునే చోట. నీళ్లు ఇంజిన్‌లోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కరెంటు బండికి గాలి అక్కర్లేదు, భయమంతా కనెక్టర్ల దగ్గర.

గెడ్డ కంటే ఎక్కువ చెడుపు చేసింది సముద్రపు గాలి. ఊళ్లో నిలబెట్టిన బండి ఫేజ్ వైర్ల (కంట్రోలర్ నుంచి మోటారుకు వెళ్లే మూడు లావు వైర్ల) బోల్టుల మీద పచ్చటి పొర పట్టింది. ఆ పొర వల్ల నిరోధం పెరుగుతుంది, వంద ఆంపియర్లకు పైగా పోయే చోట చిన్న నిరోధం కూడా కాస్తుంది. బోల్టు దగ్గర గన్ థర్మామీటర్ పెడితే పక్క రెండింటి కంటే ఒకటి వేడిగా కనిపించింది, అలా దొరికింది.

1. బ్యాటరీ బయటికి తీసి, కంట్రోలర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగాలి.
2. బోల్టు విప్పి సన్న ఎమరీ కాగితంతో రాగి మెరిసేదాకా రుద్దాలి. బిగించాకే పైన డైఎలెక్ట్రిక్ (కరెంటు పారని) గ్రీజు పూయాలి, మధ్యలో పూయకూడదు.
3. కనెక్టర్ల మీద జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగాలి.
4. కడగడం మగ్గు నీళ్లతో, బ్రష్‌తో. వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్ బేరింగ్ సీళ్లలోకి, హాల్ సెన్సర్ (మోటారు ఎంత తిరిగిందో కంట్రోలర్‌కు చెప్పేది) ప్లగ్గులోకి నీళ్లు కొడుతుంది.

భీమిలి వైపు బీచ్ ఇసుకలో నల్లటి బరువు ఖనిజాలు ఉంటాయి, వాటిలో అయస్కాంతానికి అతుక్కునేవీ ఉన్నాయి. అందుకని ఆ పరిసరాల్లో మోటారు మూత విప్పొద్దు. లోపల అంటుకున్న రజను తీయడం ఒక రోజు పని.

పెట్రోలు బండికి ఈ దశలో చేసింది ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం, ఆయిల్ చూడటం. ఎర్ర దుమ్ములో ఫిల్టర్‌ను ప్రతి రైడ్ తర్వాతా తీసి చూడాల్సిందే.

నడుస్తున్న మొత్తం: గ్రీజు, హీట్ ష్రింక్ 700. ఇప్పటిదాకా 8,000 రూపాయలు. బరువు అదే.

దశ 5: ఎన్ని చుట్లు?

ఒక చుట్టుకు లెక్క: 145 కిలోలు 90 మీటర్లు ఎక్కడానికి 36 వాట్-అవర్లు, మెత్తటి నేల లాగుడుకి 62. మోటారు, కంట్రోలర్, బెల్ట్, చైన్ నష్టాలు పోను 75 శాతం అందుతుందనుకుంటే 131. వాట్ మీటరు కూడా నిదానంగా నడిపితే 130 దగ్గరే చూపించింది, కిలోమీటరుకు 41. దూకుడుగా నడిపితే 60 దాటుతుంది. రీజెన్‌తో వెనక్కి వచ్చింది చుట్టుకు 10 లోపే. రీజెన్‌ను బ్రేకు కోసం వాడుకోవాలి, మైలేజీ కోసం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్యాటరీలో 85 శాతమే వాడితే 1,950 వాట్-అవర్లు: నిదానంగా 47 కిలోమీటర్లు, దూకుడుగా 32. సూచిక గీతలను నమ్మకుండా వోల్టులు చూడాలి. రేస్ వదిలి నిమిషం ఆగాక 59 వోల్టులు కనిపిస్తే సగానికి కాస్త తక్కువ మిగిలినట్టు. బండి దిగువన ఉంటే అక్కడే వెనక్కి తిరగాలి.

పెట్రోలు బండి అదే చుట్టుకు 140 మిల్లీలీటర్లు తాగింది, లీటరుకు 23 కిలోమీటర్లు. 13 లీటర్లలో సుమారు 115 కిలోవాట్-అవర్ల శక్తి ఉంది. ఇంజిన్ అయిదో వంతే వాడుకున్నా 23 కిలోవాట్-అవర్లు, అంటే ఇలాంటి బ్యాటరీలు పది. అరకు వైపు రోజంతా తిరిగేవాళ్లకు ఇంకో వాదన అక్కర్లేదు. అక్కడ 900 మీటర్ల ఎత్తులో గాలి పలచబడి ఇంజిన్ సత్తా ఎనిమిది, తొమ్మిది శాతం తగ్గుతుంది, మోటారుకు ఆ బాధ లేదు. అయినా ప్లగ్గు లేని కొండ మీద ఆ తేడా ఎందుకూ కొరగాదు.

ఖర్చు: పెట్రోలు లీటరు 110 రూపాయలుగా చుట్టుకు 15. గోడ దగ్గర నుంచి 155 వాట్-అవర్లు, యూనిట్ 10 రూపాయలుగా చుట్టుకు ఒకటిన్నర. బ్యాటరీ అరుగుదల ఇందులో కలపలేదు. కలిపితే ఈ పదింతల తేడా బాగా కరిగిపోతుంది.

చార్జింగ్‌లో వేసవి జాగ్రత్త: సెల్లు 45 డిగ్రీలు దాటి ఉంటే చార్జి పెట్టొద్దు. రైడ్ అవగానే టాటా ఏస్ రేకు కింద ఎండలో ఉన్న బ్యాటరీ ఆ గీత దాటేస్తుంది. బ్యాటరీ తీసి నీడలో, ఫ్యాను కింద గంట ఉంచాలి. వారాల తరబడి నడపకపోతే 60, 61 వోల్టుల దగ్గర వదిలేయాలి, నింపి ఉంచకూడదు.

దశ 6: బెల్ట్

ఇంకా సాగుతున్న పని. మోటారు బెల్ట్‌లోకి గ్రావెల్ గుళ్లు దూరి పన్ను ఎగురుతోంది. పెద్ద రేస్‌కు టకటకమనే శబ్దం వస్తే అదే. బెల్ట్ బిగిస్తే తాత్కాలికంగా ఆగుతుంది, కానీ మోటారు బేరింగ్ మీద పక్కబరువు పెరుగుతుంది. బెల్ట్ తీసేసి చైన్ వేసే కిట్లు ఉన్నాయి. రాయికి లొంగవు, కానీ చప్పుడు పెరుగుతుంది, తరచూ ఆయిల్ పెట్టాలి.

ప్రస్తుతానికి నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నుంచి కోసిన 4 మిల్లీమీటర్ల పలకను కింద బిగించాం. వేడి చేసి వంచితే ఆకారం నిలుస్తుంది. ముందు అంచు బెల్ట్ కప్పుకు ఆనుకుని ఉండాలి. వెనక 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, లేకపోతే తడి మట్టి లోపలే పేరుకుని బెల్ట్‌ను తోమేస్తుంది. క్లాంపులు ఫ్రేముకు నేరుగా కాకుండా పాత ట్యూబు ముక్క వేసి బిగించాలి.

మొత్తం: పలక, క్లాంపులు 300. ఇప్పటిదాకా 8,300 రూపాయలు, 59.2 కిలోలు. బెల్ట్ ఒకటి ఎక్స్‌ట్రా, దానికి 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు సంచిలో ఉంటాయి.